బొడిపె తెగులు, పచ్చ మొలక

గెంట్ నగరంలో, బొటానికల్ గార్డెన్‌ను ఆనుకుని ఉన్న యూనివర్సిటీ భవనం నాలుగో అంతస్తులో, ఆ చలికాలమంతా పొగాకు ఆకులు చస్తూనే ఉన్నాయి.

వాటిని చావుకు సిద్ధం చేసేవి గోదెలీవ్ చేతులే. యాభై రెండేళ్ళ మనిషి. పంతొమ్మిదేళ్ళుగా అక్కడ ల్యాబ్ టెక్నీషియన్. ఆకును నాణెమంత బిళ్ళలుగా కోసేది. బ్యాక్టీరియా కలిపిన నీళ్ళలో ముంచి, అద్దుడు కాగితం మీద ఆరబెట్టి, రెండు రోజులు వెచ్చటి గదిలో ఉంచేది. ఆ తర్వాత కానమైసిన్ అనే మందు కలిపిన జెల్లీ మీద, ప్లాస్టిక్ పళ్ళేలలో వరసగా పేర్చేది. పదిహేను రోజులకు ఆ బిళ్ళలన్నీ పాలిపోయి, కాగితం ముక్కల్లా తెల్లబడేవి. వాటిని పారేసి మళ్ళీ మొదలుపెట్టేది. గులాబీలు పెంచే ఇంట్లో పుట్టిన పిల్ల కావటంతో ఆమెకు కోత విసుగు కాదు. చావు మాత్రం విసుగే.

ప్రయోగం వన్నెస్‌ది. ఇంకా ముప్ఫై నిండని పరిశోధకుడు. తల గుమ్మానికి తగులుతుందేమో అన్నంత పొడుగు. ఏ రోజూ రెండు కాళ్ళకూ ఒకే రంగు మేజోళ్ళు వేసుకున్న పాపాన పోలేదు.

అతను పట్టుకున్న బ్యాక్టీరియా అల్లాటప్పాది కాదు. మట్టిలో పడి ఉంటుంది. ఏ మొక్కకైనా గాయమైతే కనిపెట్టి వచ్చి, తన జన్యువుల్లో ఒక ముక్కను మొక్క కణంలోకి జారవిడుస్తుంది. ఇక ఆ మొక్క దాని మాట వింటుంది. గాయమైన చోట బొడిపె కట్టి, ఆ బొడిపెలో బ్యాక్టీరియాకు ఇష్టమైన తిండి వండి పెడుతుంది. వన్నెస్ ఆ ముక్కలోంచి బొడిపె కట్టించే జన్యువులను తీసేసి, వాటి చోట కానమైసిన్‌ను తట్టుకునే జన్యువును అతికించాడు. అది అందిన కణం పచ్చగా బతకాలి. అందనిది తెల్లబడి చావాలి.

చావటం వరకు బ్రహ్మాండంగా జరుగుతోంది.

"మొత్తం ఎన్ని బిళ్ళలు చంపాం గోదెలీవ్ గారూ?" అని అడిగాడు వన్నెస్ జనవరిలో ఒక శుక్రవారం.

"నాలుగు వేల చిల్లర."

"జర్మనీ వాళ్ళకి పచ్చ మొలక వచ్చేసిందట. అమెరికా వాళ్ళకి వచ్చేసిందట. ఎవరూ చూపించట్లేదు కానీ అందరికీ వచ్చేసిందట."

"చూపించని వాళ్ళకి రాలేదనే అర్థం. కాఫీ తాగు."

"బ్యాక్టీరియా బంగారంలా పెరుగుతోంది. ముప్ఫై డిగ్రీల్లో దానికి స్వర్గం. తిండి ఉంది, వెచ్చదనం ఉంది, పక్కనే కోసి పెట్టిన ఆకు ఉంది. ఇంకేం కావాలంట దానికి?"

"అడిగి చూడకపోయావా?"

"రోజూ అడుగుతున్నాను," అన్నాడు వన్నెస్, చాలా బాధగా. అబద్ధం కాదు. అతను పళ్ళేలతో మాట్లాడటం ఆ అంతస్తులో అందరూ విన్నారు.

ఆ ఆదివారం గోదెలీవ్ రైలెక్కి వెటెరెన్ వెళ్ళింది. ఆమె తండ్రి అకీల్‌కు అక్కడ గులాబీ నర్సరీ ఉంది. డెబ్బై తొమ్మిదేళ్ళు. నడుం వంగినా చెయ్యి వణకలేదు. గాజు షెడ్డులో స్టవ్వు పక్కన స్టూలు వేసుకుని అంటు కత్తితో కాడలు చెక్కుతున్నాడు. కూతురిని చూసి తలెత్తకుండానే కాలితో ఇంకో స్టూలు ముందుకు నెట్టాడు. ఆమె కూచుని, కట్లు కట్టటం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఖాళీ చేతులతో ఎవరూ మాట్లాడరు.

"ఏంటి లీవెకె, మొహం ఉడకబెట్టిన బంగాళాదుంపలా ఉంది?" చిన్నప్పటి నుంచీ ఆయన ఆమెను పిలిచే పేరు అదే.

"పని సాగట్లేదు నాన్నా. ఆ బ్యాక్టీరియా ఆకులోకి దిగట్లేదు."

"ఏ బ్యాక్టీరియా?"

ఇన్నేళ్ళుగా ఆమె దాటేస్తూ వచ్చిన ప్రశ్న అది. ఈసారి చెప్పేసింది. "నీకు తెలిసినదే. గులాబీ మొదట్లో బొడిపెలు కట్టిస్తుందే, అది."

అకీల్ కత్తి ఆగింది. "బొడిపె తెగులా?"

"అదే."

"నలభై ఏళ్ళు ఆ వెధవని వేళ్ళతో సహా పీకి తగలబెట్టాను నేను. ఒక ఏడాది సగం తోట పోయింది. మీ అమ్మ కొత్త కోటు కొనుక్కుంటానంటే వద్దన్నాను. అలాంటిది నా కూతురు యూనివర్సిటీలో కూచుని వాడికి పాలు పోసి పెంచుతోందా?"

"పాలు కాదులే. ఈస్టు గంజి."

"గంజి కూడానా!"

ఆయన నవ్వుతున్నాడో తిడుతున్నాడో ఆమెకు కాసేపు అర్థం కాలేదు. భుజాలు కదలటం చూసి నవ్వేనని నిర్ధారించుకుంది. అప్పుడే ఎందుకో అడగాలనిపించింది.

"నాన్నా, అది ఏ కాలంలో ఎక్కువ పట్టేది?"

"మే నెల. చల్లగా, తడిగా, ఒంటి మీద స్వెటర్ ఉండాల్సిన రోజుల్లో అంటు కడితే చాలు, ప్రతి గాయంలోనూ దూరేవాడు. నలభై ఏడులో ఎండలు మండాయి గుర్తుందా? నీకు పదహారేళ్ళు. ఆ వేసవిలో కట్టిన అంట్లలో ఒక్క బొడిపె లేదు. ఒక్కటంటే ఒక్కటి."

"వేడికి చచ్చిపోయిందేమో."

"చావటమా, వాడా? పై ఏడాది అదే మట్టిలో మళ్ళీ తయారు. వెచ్చగా ఉంటే వాడు తింటాడు, పిల్లల్ని కంటాడు, పడుకుంటాడు. పని మాత్రం చెయ్యడు. ఒంటికి చలి తగిలితేనే పనిలోకి దిగుతాడు. అచ్చం మీ తమ్ముడు."

గోదెలీవ్ చేతిలోని కట్టు సగంలో ఆగిపోయింది.

రైల్లో తిరిగొస్తూ ఆమె ఒకటే ఆలోచించింది. వన్నెస్‌కు చెబితే? అతను వెంటనే బ్యాక్టీరియా పెరుగుదల గ్రాఫు తీస్తాడు. ముప్ఫై డిగ్రీల దగ్గర గీత ఎంత ఎత్తుకు పోయిందో వేలు పెట్టి చూపిస్తాడు. గులాబీల ముసలాయన చెప్పాడు అంటే మర్యాదగా తల ఊపుతాడు. ఆ మర్యాదను ఆమె భరించలేదు.

అందుకని చెప్పలేదు. సోమవారం కొత్తగా కోసిన ఇరవై పళ్ళేలలో పదింటిని ఎప్పటిలా వెచ్చటి గదిలో పెట్టింది. మిగతా పదింటిని విత్తనాలు దాచే గదిలో పై అరలో పెట్టింది. అక్కడ థర్మామీటర్ ఇరవై రెండు చూపిస్తోంది. ఆ పదింటి అడుగున నీలం పెన్నుతో చిన్న చుక్క పెట్టింది. రెండు రోజుల తర్వాత ఇరవైలోని బిళ్ళలనూ మందు జెల్లీ పళ్ళేలలోకి మార్చి, చలివాటి అడుగున మళ్ళీ అదే చుక్క పెట్టి, అన్నిటినీ కలిపేసింది. ఆ రెండు రోజులూ అరువు తెచ్చుకున్న చెప్పులు వేసుకున్న మనిషిలా నడిచింది.

మూడు వారాలు గడిచాయి. ఫిబ్రవరిలో మంచు కురుస్తున్న ఒక పొద్దున పళ్ళేలు ఒక్కొక్కటిగా దీపం కింద పెట్టి చూస్తోంది. తెలుపు. తెలుపు. తెలుపు. ఏడోదాని దగ్గర చెయ్యి ఆగింది. తెల్లబడ్డ బిళ్ళ అంచున ఆవగింజంత పచ్చటి చుక్క ఉంది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. చుక్క కాదు. ముడుచుకున్న రెండు చిట్టి ఆకులు.

"వన్నెస్, ఒకసారి ఇటు రా."

అతను జున్ను పెట్టిన రొట్టె తింటున్నాడు. "చచ్చినవాటిని చూడటానికి రొట్టె పక్కన పెట్టాలా?"

"పెట్టు."

ఆమె గొంతులో ఏం వినిపించిందో, పెట్టేశాడు. వచ్చి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత తక్కిన పళ్ళేలన్నీ లాక్కుని మూతల్లోంచి చూడటం మొదలుపెట్టాడు. ఒక దాంట్లో రెండు మొలకలు. ఇంకో దాంట్లో ఐదు. మళ్ళీ ఒకటి. పళ్ళేలు గల్లుగల్లుమంటున్నాయి. రొట్టె కింద పడింది. దాని మీదే కాలేశాడు.

"పచ్చగా ఉన్నాయి," అన్నాడు గుసగుసగా. "గోదెలీవ్ గారూ, పచ్చగా ఉన్నాయి!" ఇది భవనమంతా వినపడింది.

ఆ తర్వాత కారిడార్‌లో ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తాడు. పక్క ల్యాబు వాళ్ళు ఎక్కడో మంటలు లేచాయనుకుని మెట్ల దగ్గర చేరారు. ఒకావిడ పర్సు, కుండీలో మొక్క కూడా తెచ్చుకుంది. వన్నెస్ ఆవిడ బుగ్గ మీద ముద్దు పెట్టి, కుండీ మొక్కకు కూడా ఒకటి పెట్టి, వెనక్కి వచ్చాడు. ఊపిరి ఆడటం లేదు. అయినా శాస్త్రవేత్త శాస్త్రవేత్తే. పళ్ళేలను పచ్చవి ఒక పక్క, తెల్లవి ఒక పక్క పెడుతూ, ఉన్నట్టుండి ఒకదాన్ని తిరగేశాడు.

"ఈ నీలం చుక్క ఏంటి?"

గోదెలీవ్ చేతిలోని పళ్ళెం మూత తుడవసాగింది.

ఇంకోటి తిరగేశాడు. ఇంకోటి. "పచ్చవాటన్నిటికీ నీలం చుక్కే. తెల్లవాటిలో..." వేళ్ళ మీద లెక్కేశాడు. "ఏం చేశారు మీరు?"

"చలిలో పెట్టాను."

"చలిలోనా?"

"విత్తనాల గదిలో. రెండు రోజులే. ఇరవై రెండు డిగ్రీల్లో. నీకు చెప్పకుండా చెయ్యటం తప్పే. ఒప్పుకుంటున్నాను."

"ఎందుకు పెట్టారు?"

"మా నాన్న చెప్పాడు." ఆమె మొహం బీట్‌రూట్‌లా అయింది. "వెచ్చగా ఉంటే అది తిని పడుకుంటుందట. పని చెయ్యదట."

వన్నెస్ చేతిలోని పళ్ళెం బల్ల మీద పెట్టాడు. నాలుగు వేల చిల్లర బిళ్ళలు ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగినట్టున్నాయి. కూలబడిపోతాడేమో అనుకుందామె. కానీ అతను కడుపు పట్టుకుని నవ్వటం మొదలుపెట్టాడు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. "స్వర్గం! నేనే దానికి స్వర్గం కట్టించి ఇచ్చాను! స్వర్గంలో ఎవడు పని చేస్తాడు!" అంటూ ఆమెను నడుం పట్టి ఎత్తి గిరగిరా తిప్పాడు. ఆమె చెప్పు ఒకటి ఎగిరి నీళ్ళ తొట్టిలో పడింది. పాతికేళ్ళుగా ఎవరూ ఆమెను నేల మీంచి లేపలేదు. "దించరా బాబూ, దించు!" అని బతిమాలింది కానీ, దించిన తర్వాత కాసేపు తల తిరుగుతూనే ఉంది. అది బాగానే ఉంది కూడా.

ఆ ల్యాబుకు పెద్ద అయిన ప్రొఫెసర్ హెరెబౌట్ వచ్చి చూశాడు. లావుపాటి మనిషి, సైకిల్ మీద తప్ప తిరగడు. ఏ ఉత్సాహాన్నైనా గొడుగు మీద వానలా జారవిడవగలడు.

"పచ్చగా ఉన్నంత మాత్రాన సరిపోదు. మందు నుంచి ఎలాగో తప్పించుకున్నవి కావచ్చు. పెంచండి. పూలు రానీయండి. విత్తనాలు కట్టనీయండి. మనం పెట్టిన జన్యువు నిజంగా మొక్క సొంతమైపోతే, పిల్లల్లో నాలుగింటికి మూడు పచ్చగా, ఒకటి తెల్లగా రావాలి. అది చూసే దాకా ఎవరూ నోరు విప్పకూడదు." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "అన్నట్టు, చలి సంగతి రాసేటప్పుడు మీ నాన్నగారి పేరు రాయాలి గోదెలీవ్. స్పెల్లింగు కనుక్కోండి."

నోరు విప్పకూడదు అంటే అయిదు నెలలు. గోదెలీవ్‌కు పాట రాదు. కానీ ఆ అయిదు నెలలూ ట్రాములో, మాంసం కొట్టులో, చర్చిలో కూడా ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది. "ఎవరైనా దొరికాడా ఏంటి?" అని పక్కింటావిడ ఆరా తీసింది. "పొగాకు," అంది గోదెలీవ్. పక్కింటావిడ ఆమె సిగరెట్లు మొదలుపెట్టిందని వీధంతా చెప్పింది.

మొలకలకు వేళ్ళు వచ్చాయి. కుండీల్లోకి మారాయి. మేలో నడుమెత్తు పెరిగి, జూన్‌లో గులాబీ రంగు పూలు పూశాయి. గోదెలీవ్ పరాయి పుప్పొడి పడకుండా ప్రతి పూగుత్తికీ కాగితం సంచీ తొడిగి, పేరంటానికి తయారైన పిల్లల్ని చూసినట్టు దూరం నుంచి చూసుకుని మురిసిపోయేది. జూలై మొదట్లో కాయలు ఎండాయి. ధూళిలా సన్నటి విత్తనాలను మందు కలిపిన జెల్లీ మీద చల్లారు.

లెక్కపెట్టాల్సిన రోజు సరిగ్గా ఊరి సంబరాల మధ్యలో వచ్చింది. ఆ పది రోజులూ గెంట్‌లో ఎవరూ పని చెయ్యరు. కిటికీలోంచి బాకాల మోత, వేపుడు బంగాళాదుంపల వాసన లోపలికి వస్తున్నాయి. ప్రొఫెసర్ మనవరాలిని తీసుకుని బొమ్మలాట చూడటానికి వెళ్ళాడు. వెళ్ళే ముందు, అకీల్‌ను కూడా పిలిపించమని చెప్పాడు.

అకీల్ పెళ్ళికి వేసుకునే నల్ల సూటులో వచ్చాడు. దాని మీద తెల్ల కోటు తొడిగారు. చేతులు వేళ్ళ దాకా అందులో మునిగిపోయాయి. వన్నెస్ ముందుగా బ్యాక్టీరియా పెంచే పళ్ళెం తెచ్చి చూపించాడు. లేత గోధుమ రంగులో, మెరుస్తూ, మీగడ మరకల్లా ఉన్నాయి.

అకీల్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. "నువ్వేనట్రా?" అన్నాడు. "నలభై ఏళ్ళలో నీ మొహం ఒక్కసారి చూళ్ళేదు. ఇంత చిన్న ప్రాణివా!" తర్వాత వన్నెస్ వైపు తిరిగాడు. "అబ్బాయీ, వీడు నిజంగా పని చేస్తున్నాడా?"

"మీరు చెప్పినట్టు చలిలో పెడితే చేస్తున్నాడండీ."

"కూలి ఇవ్వకండి. నాకు బాకీ ఉన్నాడు."

మొలకల పళ్ళేలు నాలుగు. ఒకరి లెక్క ఒకరు వినకుండా ముగ్గురూ విడివిడిగా లెక్కపెట్టాలని నియమం పెట్టుకున్నారు. గోదెలీవ్ పెన్సిలుతో చుక్కలు పెడుతూ లెక్కపెట్టింది. వన్నెస్ పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు, రెండుసార్లు తప్పి మళ్ళీ మొదటికి వచ్చాడు. అకీల్ కళ్ళజోడు లేకుండా, కుండీల వరస చూసుకునే రైతులా ఒక్కసారి కళ్ళు తిప్పి కాగితం మీద రాసేశాడు.

కాగితాలు తెరిచారు. గోదెలీవ్: పచ్చవి నూట యాభై ఎనిమిది, తెల్లవి యాభై మూడు. వన్నెస్: అవే అంకెలు. అకీల్: పచ్చవి నూట యాభై తొమ్మిది, తెల్లవి యాభై రెండు.

"ఒకటి తేడా వచ్చింది," అన్నాడు వన్నెస్.

"మీకు వచ్చింది. మూడో పళ్ళెంలో, అంచు పక్కన, అది పచ్చదే."

"అది తెల్లదండీ."

"లేత పచ్చ."

"నాన్నా, అది యాపిల్ పిందె కాదు, పండటానికి. తెల్లదే."

"అరవై ఏళ్ళు మొలకలు చూసినవాణ్ణి నేను. రేపటికి చూడండి ఎలా పుంజుకుంటుందో!"

వన్నెస్ భూతద్దం తెచ్చాడు. అకీల్ దాన్ని పక్కకు తోసి, కిటికీ వెలుతురుకు పళ్ళెం ఎత్తాడు. గోదెలీవ్ దాన్ని లాక్కుంది. ముగ్గురూ ఒక మొలక కోసం అంగడి వీధిలో ఆడవాళ్ళలా గొడవపడుతుండగా, ఉన్నట్టుండి గోదెలీవ్ ఆగిపోయింది.

"ఎటు లెక్కేసినా మూడే కదా," అంది.

వన్నెస్ భూతద్దం బల్ల మీద పెట్టాడు.

"నూట యాభై ఎనిమిది అయినా, తొమ్మిది అయినా. మూడుకి ఒకటి. వచ్చేసింది. పిల్లలకి కూడా వచ్చేసింది."

వన్నెస్ అంకెలను మళ్ళీ చూశాడు. భాగహారం చేశాడు. కాగితం మీద రెండుసార్లు, గోడ మీద ఒకసారి. తర్వాత అకీల్ బట్టతల మీద ముద్దు పెట్టి, "పదండి! ప్రొఫెసర్‌కి చెప్పాలి!" అని పరుగందుకున్నాడు. తెల్లకోట్లు విప్పాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

సాయంత్రం ఆరున్నర. ఎండ ఇంకా దండిగా ఉంది. వీధులు కిక్కిరిసి ఉన్నాయి. వన్నెస్ ముందు దారి చేస్తూ, గోదెలీవ్ తండ్రి చెయ్యి పట్టుకుని, బాకాల బృందాన్ని దాటి, ముక్కు ఆకారపు ఊదారంగు మిఠాయిలు అమ్మే బండిని దాటి, బొమ్మలాట పందిరి దగ్గరకు చేరారు. ప్రొఫెసర్ హెరెబౌట్ కూడలికి అవతలి పక్క ఉన్నాడు. మనవరాలు ఆయన భుజాల మీద కూచుని ఉంది. మధ్యలో మూడు నాలుగు వందల మంది.

"ప్రొఫెసర్ గారూ!" అని అరిచాడు వన్నెస్. బాకాల్లో కలిసిపోయింది. "మూడుకి ఒకటి!"

ప్రొఫెసర్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, వినపడలేదన్నట్టు తల ఊపాడు.

అప్పుడు గోదెలీవ్, పంతొమ్మిదేళ్ళుగా ల్యాబులో ఎవరి మీదా గొంతు పెంచని గోదెలీవ్, ఒక కేఫ్ కుర్చీ లాగి దాని మీదకు ఎక్కింది. నోటి చుట్టూ చేతులు పెట్టుకుంది. "మూడు! ఒకటి!" అని కేక వేసింది. వేళ్ళతో కూడా చూపించింది.

చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. చేతిలో బీరు గ్లాసున్న ఒకాయన అడిగాడు, "ఎవరు గెలిచారు?"

"పొగాకు!" అన్నాడు అకీల్, ఛాతీ విరుచుకుని.

బీరాయనకు సరిగ్గా వినపడలేదు. "మనవాళ్ళేనా?"

"మనవాళ్ళే!"

"మూడు–ఒకటా? మనవాళ్ళు?" అంటూ ఆయన వెనక్కి తిరిగి స్నేహితులకు చెప్పాడు. వాళ్ళు పక్క బల్లకు చెప్పారు. జూలైలో ఫుట్‌బాల్ ఆటలు జరగవన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నిమిషంలో కూడలి సగం "మూడు–ఒకటి! మూడు–ఒకటి!" అని బల్లలు బాదుతోంది. బాకాల వాళ్ళు తాళం అందుకున్నారు.

ఆ కేకలు జనం మీదుగా పాకి ప్రొఫెసర్ దాకా చేరాయి. ఆయన ఒక్క క్షణం రాయిలా నిలబడ్డాడు. తర్వాత ఆ లావుపాటి మనిషి, మనవరాలిని భుజాల మీద పెట్టుకునే, ఉన్నచోటనే ఎగరటం మొదలుపెట్టాడు. పిల్ల ఆయన చెవులు గట్టిగా పట్టుకుని కిలకిలా నవ్వింది. ఒకటి, రెండు, మూడు గెంతులు. ఆయన టోపీ ఊడి ఎవరి చేతుల్లోనో పడింది. వాళ్ళు దాన్ని పైకి విసిరారు.

అకీల్ చేతిలో ఎవరో బీరు పెట్టారు. గోదెలీవ్ కుర్చీ మీంచి దిగబోతే కింద ఉన్నవాళ్ళు దిగనివ్వలేదు. "ఇంకోసారి చెప్పమ్మా, స్కోరు ఎంత?" అని అరుస్తున్నారు.

ఆమె చెప్పింది.